భుజం టెండన్ చిరుగు: ఆపరేషన్, ఫిజియోథెరపీల మధ్య నిర్ణయం – చరిత్ర

భుజం కీలులో చేతి ఎముక గుండ్రటి తల లోతులేని చిన్న గుంటలో ఆనుకుని ఉంటుంది. నాలుగు కండరాల టెండన్లు ఆ తలను చుట్టూ కమ్ముకుని గుంటలో నిలిపి ఉంచుతాయి. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వీటిలో తరచుగా చిరిగేది పైన ఉండే సుప్రాస్పినేటస్. అది చిరిగినవారిలో కొందరు రాత్రిపూట ఆ పక్కకు తిరిగి పడుకోలేరు, తల దువ్వుకోవడానికి చేయి ఎత్తలేరు. మరికొందరికి చిరుగు ఉన్న సంగతే తెలియదు. ఈ తేడా ఎందుకన్న ప్రశ్నే వందేళ్లకు పైగా చికిత్స దారిని మలుపులు తిప్పింది.

తొలి వర్ణనలు, కాడ్మన్

ఎడింబరో శరీర నిర్మాణ శాస్త్రవేత్త అలెగ్జాండర్ మన్రో 1788లో భుజం కీలు పొరలో అంచులు పీచులుగా మారిన రంధ్రాన్ని వర్ణించాడు. 1834లో జె.జి. స్మిత్ మృతదేహాల భుజాల్లో చూసిన చిరుగుల గురించి లండన్ వైద్య పత్రికలో రాశాడు. చికిత్స గురించి గట్టిగా ఆలోచించినవాడు మాత్రం బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ ఏమరీ కాడ్మన్. తెగిన సుప్రాస్పినేటస్‌ను కుట్టి బాగుచేసిన అనుభవాన్ని ఆయన 1911లో ప్రచురించాడు. 1934లో వచ్చిన ఆయన గ్రంథం ‘ది షోల్డర్’ ఈ రంగానికి పునాది.

కాడ్మన్ పట్టుదల భుజానికే పరిమితం కాలేదు. ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ చూడాలి, ఫలితం కార్డు మీద రాయాలి, బాగుపడకపోతే కారణం బయటపెట్టాలి అని ఆయన వాదించాడు. తోటి వైద్యులకు అది రుచించలేదు. 1914లో ఆయన మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ కొలువు వదులుకున్నాడు. నడుము వంచి చేతిని వదులుగా వేలాడదీసి ఊపే వ్యాయామం నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. కత్తి పట్టిన మనిషే కసరత్తుకూ పేరిచ్చాడు. అంతకన్నా ముఖ్యం, ఆయన అడిగిన ‘ఏడాది తర్వాత రోగి ఎలా ఉన్నాడు’ అన్న ప్రశ్న. భుజం విషయంలో దానికి క్రమబద్ధమైన జవాబు వెతకడానికి వైద్య లోకానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

నీర్ సిద్ధాంతం

1972లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ నీర్ వంద భుజఫలకాలను పరిశీలించి ఒక సిద్ధాంతం చెప్పాడు. భుజం పైకప్పులా ఉండే ఎముక కొస కిందున్న టెండన్‌ను రాసుకుంటూ అరగదీస్తుందని, ఆ కొసను చెక్కితే రాపిడి పోతుందని దాని సారాంశం. చిరుగుల్లో 95 శాతానికి ఈ రాపిడే కారణమని ఆయన 1983లో ప్రకటించాడు. వినగానే నమ్మబుద్ధయ్యే వివరణ అది. 1980లలో ఆర్థ్రోస్కోపీతో, అంటే కీలులోకి సన్నని కెమెరా గొట్టం పంపి, చిన్న గాట్లలోంచే ఎముక చెక్కడం వచ్చింది. ఆ తర్వాత ఎముకలో దిగేసే యాంకర్లతో టెండన్ కుట్టడమూ అదే దారిలో సాధ్యమైంది. ఆపరేషన్ల సంఖ్య బాగా పెరిగింది. కానీ 2018లో బ్రిటన్, ఫిన్లాండ్ పరిశోధకులు విడివిడిగా, ఎముక చెక్కకుండా ఆర్థ్రోస్కోప్‌తో లోపల చూసి వదిలేసినవారితో చెక్కించుకున్నవారిని పోల్చారు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ పరీక్షలు పూర్తి చిరుగు లేని భుజాల మీద జరిగినవి. అయినా రాపిడి సిద్ధాంతం పట్టు వాటితో సడలింది.

ఎమ్మారై తెచ్చిన చిక్కు

1995లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం భుజంలో ఏ బాధా లేని 96 మందికి ఎమ్మారై తీసింది. మొత్తం మీద 34 శాతం మందిలో, అరవై దాటినవారిలో 54 శాతం మందిలో చిరుగు కనిపించింది. అంటే వయసుతో పాటు టెండన్ అరగడం సాధారణం, చిరుగంతా జబ్బు కాదు. స్కాన్ కాగితం చూసి బెదిరిపోయే ప్రతి రోగికీ వైద్యుడు మొదట చెప్పాల్సిన మాట ఇది.

2004లో మరో వింత బయటపడింది. పెద్ద చిరుగులను ఆర్థ్రోస్కోపీతో కుట్టిన 18 మందిని అల్ట్రాసౌండ్‌తో చూస్తే 17 మందిలో మళ్లీ చిరుగు ఉంది. అయినా ఏడాది నాటికి చాలామందికి నొప్పి తగ్గి చేయి బాగా లేస్తోంది. కుట్టు నిలవకపోయినా మనిషి కోలుకుంటున్నాడంటే, ఆ మేలులో విశ్రాంతికీ వ్యాయామానికీ ఎంత వాటా ఉందని అడగక తప్పలేదు.

నేరుగా పోల్చిన పరీక్షలు

నార్వేలో 103 మందిని రెండు జట్లు చేసి, మూడు సెంటీమీటర్లు మించని చిరుగులకు ఒక జట్టుకు ఆపరేషన్, రెండో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. 2010లో వెలువడిన తొలి ఫలితాలు ఆపరేషన్ వైపు మొగ్గాయి. పదేళ్ల నాటికి ఫిజియోథెరపీ జట్టులోని 51 మందిలో 14 మంది ఆపరేషన్‌కు మారారు. మిగతావారిలో చాలామంది ఆ అవసరం లేకుండానే గడిపారు. అయితే ఐదేళ్లకు చూస్తే, కుట్టని చిరుగుల్లో 37 శాతం అయిదు మిల్లీమీటర్లకు పైగా పెరిగాయి. పెరిగినవారి ఫలితం అంత బాగా లేదు. ఫిన్లాండ్‌లో 55 దాటి, దెబ్బ తగలకుండానే సుప్రాస్పినేటస్ చిరిగినవారికి వ్యాయామం ఒక్కటే, ఎముక చెక్కడంతో కలిపి, టెండన్ కుట్టడంతో కలిపి మూడు విధాలుగా చికిత్స చేశారు. ఏడాదికి తేడా లేదని 2014లో తేలింది. బ్రిటన్‌లో ఒక పెద్ద పరీక్ష నుంచి విశ్రాంతి–వ్యాయామం జట్టును మధ్యలోనే తీసేయాల్సి వచ్చింది. అందులో నాలుగింట మూడొంతుల మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు.

అమెరికా పరిశీలన ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. దెబ్బ తగలకుండా వచ్చిన పూర్తి చిరుగులున్న 452 మందికి వ్యాయామాలు నేర్పితే, రెండేళ్లలో ఆపరేషన్ ఎంచుకున్నది దాదాపు నాలుగో వంతే. వాళ్లు కూడా ఎక్కువగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్యే నిర్ణయించుకున్నారు. ఎవరు ఆపరేషన్‌కు వెళ్తారన్నది అన్నింటికంటే బాగా సూచించింది చిరుగు పరిమాణం కాదు, వ్యాయామంతో నయమవుతుందన్న నమ్మకం రోగికి ఉందా లేదా అన్నది. రోగితో మొదటి రోజున తీరిగ్గా మాట్లాడటం చికిత్సలో భాగమేనని ఈ ఫలితం చెబుతోంది.

నేటి పద్ధతి

నేడు వైద్యులు మొదట చిరుగు ఎలా వచ్చిందో అడుగుతారు. కిందపడో, చేయి గుంజుకునో ఒక్కసారిగా తెగి, అప్పటిదాకా బాగున్న చేయి లేవకుండా పోతే, ముఖ్యంగా వయసు తక్కువైతే, త్వరగా కుట్టాలన్నదే ఎక్కువమంది అభిప్రాయం. ఆలస్యమైతే కండరం లోపలికి ముడుచుకుని కొవ్వుగా మారుతుంది. ఆ మార్పును ఫ్రెంచి వైద్యుడు గుటాలియే 1994లో దశలుగా వర్గీకరించాడు. ముదిరిన కొవ్వు టెండన్ కుట్టినా వెనక్కి పోదు. ఏళ్ల తరబడి అరిగిన చిరుగుకు మాత్రం సాధారణంగా మూడు నెలల క్రమశిక్షణ గల ఫిజియోథెరపీ ముందుంటుంది. అది తెగినదాన్ని అతికించదు, మిగిలిన టెండన్లనూ, భుజాన్ని పైనుంచి కప్పే డెల్టాయిడ్ కండరాన్నీ, భుజఫలకం కండరాలనూ బలపరచి పని సర్దుకునేలా చేస్తుంది. ఆపరేషన్ ఎంచుకున్నవారికీ ఈ శ్రమ తప్పదు. కొన్ని వారాలు చేతికి స్లింగ్, ఆపై నెలల తరబడి వ్యాయామం ఉంటాయి. అందుకే కూలి పనిమీద బతికే మనిషి విషయంలో ఆ నెలలు ఇల్లు ఎలా గడుస్తుందన్నది కూడా నిర్ణయంలో లెక్కకు రావాలి.