వెనుక ఇరుసుకు లాకింగ్ డిఫరెన్షియల్ అమరిక

లాకింగ్ డిఫరెన్షియల్ అనగా ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాలను అవసరమైనపుడు ఒకే వేగంతో తిరిగేలా బంధించే యంత్రభాగం. దీనినే వాడుకలో లాకర్ లేదా డిఫ్ లాక్ అంటారు. బురద, ఇసుక, బండరాళ్లు గల దారులలో నడిచే వాహనాలకు ఇది ఎంతో ఉపయోగకరం. కొన్ని వాహనాల ఖరీదైన రకాలలో దీనిని కర్మాగారంలోనే అమరుస్తారు. తక్కువ ధర గల ప్రాథమిక రకాన్ని కొన్నవారు తరువాత విడిగా కొని వెనుక ఇరుసుకు బిగించుకోవడం అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో బాగా వ్యాప్తిలో ఉంది. ఈ వ్యాసంలో జీప్ రాంగ్లర్ వాహనాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఆ అమరికను, దాని లాభనష్టాలను వివరించడం జరిగింది.

డిఫరెన్షియల్ అవసరం

వాహనం మలుపు తిరిగేటపుడు బయటి వైపు చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం ప్రయాణించవలసి ఉంటుంది. ఉదాహరణకు రెండు వెనుక చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. వాహనం 90 డిగ్రీల మలుపు తిరిగితే బయటి చక్రం సుమారు 2.36 మీటర్లు అదనంగా నడుస్తుంది. రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే ఏదో ఒక టైరు నేలపై జారక తప్పదు. ఈ చిక్కును తొలగించేదే డిఫరెన్షియల్. ఫ్రాన్సు దేశానికి చెందిన గడియారాల నిపుణుడు ఒనెసిఫోర్ పెకేర్ 1827లో ఆవిరి బండి కొరకు దీనికి పేటెంటు పొందాడు.

ఇంజను నుండి వచ్చే శక్తి పీనియన్ ద్వారా క్రౌన్ వీలుకు, అక్కడి నుండి డిఫరెన్షియల్ పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టెలో ఉండే చిన్న పళ్లచక్రాలను మన మెకానిక్కులు స్టార్ పీనియన్లు అంటారు. ఇవి ఇరువైపులా ఉన్న సన్ గేర్లను తిప్పుతాయి. సన్ గేర్లకు కలిపి ఉన్న యాక్సిల్ షాఫ్టులు చక్రాలను తిప్పుతాయి. చక్రాల వేగాలు వేరుగా ఉన్నప్పటికీ, రెండింటికీ అందే తిప్పుబలం, అనగా టార్కు, దాదాపు సమానంగా ఉండడం ఈ అమరిక ముఖ్య లక్షణం.

లోపం ఎక్కడ వస్తుంది?

పై లక్షణమే బురదలో లోపంగా మారుతుంది. ఒక చక్రం జారుడు బురదలో ఉండి 100 న్యూటన్ మీటర్ల టార్కుకే తిరిగిపోతున్నదనుకుందాం. రెండవ చక్రం గట్టి నేలపై ఉన్నా దానికి కూడా సుమారు 100 మాత్రమే అందుతుంది. మొత్తం 200 న్యూటన్ మీటర్లతో బరువైన వాహనం కదలదు. బురదలోని చక్రం వృథాగా తిరుగుతూ గోతిని ఇంకా లోతు చేస్తుంది.

లాకర్ పని చేసినపుడు రెండు షాఫ్టులూ ఒకటిగా తిరుగుతాయి. బురదలోని చక్రం తీసుకోగలిగిన 100 పోగా మిగిలిన టార్కు అంతా గట్టి నేలపై ఉన్న చక్రానికి వెళ్తుంది. లాకర్ ఇంజను బలాన్ని పెంచదు, ఉన్న బలాన్ని పట్టు ఉన్న చోటికి చేరుస్తుంది.

వరి సాగు చేసే తెలుగు రైతులకు ఈ సూత్రం కొత్తది కాదు. దమ్ము చేసే మడిలో ట్రాక్టరు వెనుక చక్రం ఒకటి దిగబడి తిరుగుతుంటే డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడలును తొక్కుతాడు. బండి ముందుకు కదిలాక, మలుపు తిప్పే ముందు, కాలు తీసివేస్తాడు.

ప్రాథమిక రకానికీ, ఉన్నత రకానికీ తేడా

జీప్ రాంగ్లర్‌లో రూబికాన్ అనే రకాన్ని 2003 మోడలుగా ప్రవేశపెట్టారు. ఇందులో ముందు, వెనుక రెండు ఇరుసులకూ లాకర్లు కర్మాగారంలోనే అమర్చబడ్డాయి. రెండు ఇరుసులూ డానా 44 అనబడే దృఢమైన రకానికి చెందినవి. లో రేంజిలో ట్రాన్స్‌ఫర్ కేసు నిష్పత్తి 4:1.

అదే తరానికి చెందిన తక్కువ ధర రాంగ్లర్లలో సాధారణంగా వెనుక డానా 35 ఇరుసు ఉండేది. డానా 44 అదనపు ధరకు లభించేది. ట్రాన్స్‌ఫర్ కేసు నిష్పత్తి 2.72:1. 2007 మోడలుగా వచ్చిన తరువాతి తరంలో మాత్రం ప్రాథమిక రకానికి కూడా వెనుక డానా 44 ఇవ్వబడింది. కనుక "నాది రాంగ్లర్" అని చెప్పినంత మాత్రాన ఏ లాకర్ సరిపోతుందో తేలదు. ఏ సంవత్సరపు బండి, ఏ ఇరుసు, ఏ గేరు నిష్పత్తి అన్నవి ముందుగా తెలుసుకోవాలి.

గేరు నిష్పత్తి కూడా ముఖ్యమే. పలు ఇరుసులలో డిఫరెన్షియల్ పెట్టె కొలత నిష్పత్తిని బట్టి మారుతుంది. ఉదాహరణకు రాంగ్లర్‌లోని డానా 35లో 3.31, అంతకు తక్కువ నిష్పత్తులకు ఒక పెట్టె, 3.54, అంతకు ఎక్కువ నిష్పత్తులకు మరొక పెట్టె వాడతారు. పొరపాటున రెండవది కొంటే క్రౌన్ వీలు పీనియన్‌తో సరిగా కలవదు.

లాకర్లలో రకాలు

* స్వయంచాలిత లాకర్: మామూలుగా బంధించి ఉండి, మలుపులో బయటి చక్రాన్ని తనంతట తానే వదులుతుంది. స్విచ్చి, గొట్టాలు అవసరం లేదు. వీటిలో చవకైన రకాన్ని ఉన్న పెట్టెలోనే స్టార్ పీనియన్లు, సన్ గేర్లు తీసి వాటి స్థానంలో అమరుస్తారు. దీనికి లంచ్ బాక్స్ లాకర్ అని పేరు. పెట్టెతో సహా మార్చే రకం ఇంకా దృఢమైనది. రోడ్డు మలుపులలో టకటక శబ్దం రావడం, బండి కొద్దిగా పక్కకు లాగడం వీటి లోపాలు.
* గాలితో పని చేసే లాకర్: చిన్న కంప్రెసర్ నుండి వచ్చే గాలి ఒత్తిడి లోపలి భాగాన్ని జరిపి సన్ గేరును పెట్టెకు బంధిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ సంస్థ ఎయిర్ లాకర్ ఈ రకానికి చెందినది.
* విద్యుత్తుతో పని చేసే లాకర్: విద్యుదయస్కాంతం ద్వారా బంధిస్తుంది. కంప్రెసర్ అక్కరలేదు, వైరు చాలు.
* కేబులుతో పని చేసే లాకర్: చోదకుడు మీటను లాగినపుడు బంధిస్తుంది.
* స్పూలు: ఇందులో డిఫరెన్షియల్ చర్యే ఉండదు. రెండు షాఫ్టులూ శాశ్వతంగా ఒకటే. రోడ్డుపై తిరిగే వాహనానికి ఇది తగదు.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వీటికి భిన్నమైనది. అది రెండు చక్రాల వేగాల తేడాను తగ్గిస్తుందే గాని పూర్తిగా బంధించదు. అలాగే 2007 తరువాతి రాంగ్లర్లలో జారుతున్న చక్రానికి బ్రేకు వేసి రెండవ చక్రానికి బలం పంపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది. అప్పుడప్పుడు మాత్రమే మట్టి దారిలో వెళ్లేవారికి ఇది సరిపోవచ్చు. అయితే చక్రం కొంత జారిన తరువాతే ఇది పని ప్రారంభిస్తుంది. ఎక్కువ సేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి.

వెనుక ఇరుసుకే మొదట ఎందుకు?

ఎత్తు ఎక్కేటపుడు బండి బరువు వెనుక చక్రాల మీదకు మళ్లుతుంది, కనుక పట్టు అక్కడే ఎక్కువ. ముందు ఇరుసును బంధిస్తే స్టీరింగు బరువెక్కి బండి తిన్నగా పోవడానికే మొగ్గు చూపుతుంది. అందువలన ఒకే లాకర్ కొనదలచినవారు సాధారణంగా వెనుక ఇరుసునే ఎంచుకుంటారు.

షాఫ్టుపై భారం

లాకర్ అమర్చేవారు తరచుగా మరచిపోయే విషయం ఇది. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక్కొక్క షాఫ్టుపై ఇరుసుకు వచ్చే టార్కులో సగానికి మించి పడదు. లాకర్ బంధించి ఉండగా ఒక చక్రం గాలిలోకి లేస్తే టార్కు మొత్తం రెండవ షాఫ్టు ఒక్కటే మోయాలి.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఇంజను టార్కు 300 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 4, లో రేంజి 2.72, ఇరుసు నిష్పత్తి 3.73 అనుకుంటే:

300 × 4 × 2.72 × 3.73 = సుమారు 12,175 న్యూటన్ మీటర్లు.

ఇందులో సగం వెనుక ఇరుసుకు వస్తే 6,087. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక్కొక్క షాఫ్టుకు గరిష్ఠంగా సుమారు 3,043. బంధించినపుడు ఒకే షాఫ్టుకు 6,087 వరకు రావచ్చు. ఆచరణలో టైరు ముందే జారిపోతే ఇంత బలం షాఫ్టు మీద పడదు. కాని చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నపుడు జారడానికి వీలుండదు. టైరు పెద్దదైన కొద్దీ ఈ భారం ఇంకా పెరుగుతుంది.

రాంగ్లర్‌లోని డానా 35 ఇరుసులో షాఫ్టును లోపలి చివర సీ ఆకారపు క్లిప్పు పట్టి ఉంచుతుంది. క్లిప్పుకు బయటి వైపున షాఫ్టు విరిగితే చక్రం షాఫ్టు ముక్కతో సహా ఇరుసు నుండి బయటికి జారిపోయే ప్రమాదం ఉంది. అందువలన అటువంటి ఇరుసుకు లాకర్ పెట్టేటపుడు లావుపాటి, ఎక్కువ స్ప్లైన్లు గల షాఫ్టులను కూడా మారుస్తారు. 27 స్ప్లైన్ల షాఫ్టుల స్థానంలో 30 స్ప్లైన్ల షాఫ్టులు, వాటికి సరిపోయే లాకర్ కొనడం వాడుకలో ఉన్న మార్గం. పెద్ద టైర్లు వేయదలచినవారు ఇరుసునే మార్చి డానా 44 పెట్టుకోవడం కూడా ఉంది. డబ్బు పరిమితంగా ఉన్నపుడు ముందుగా ఇరుసు బలాన్ని చూసుకొని, ఆ తరువాతే లాకర్ సంగతి ఆలోచించడం మంచిది.

అమర్చే విధానం

1. వాహనాన్ని సమతలంపై నిలిపి, గట్టి స్టాండ్లపై ఎత్తి ఉంచాలి. జాకీని మాత్రమే నమ్ముకొని వాహనం కిందికి దూరరాదు.
2. వెనుక మూత విప్పి గేర్ ఆయిలును వంపివేయాలి. ఆయిలులో ఇనుప ముక్కలు కనిపిస్తే పాత గేర్లు దెబ్బతిన్నట్లు భావించాలి.
3. షాఫ్టులను విడదీయాలి. సీ క్లిప్పు ఉన్న ఇరుసులలో అడ్డ పిన్నును తీసి, షాఫ్టును లోపలికి నెట్టి క్లిప్పు తీయాలి.
4. బేరింగు మూతలకు కుడి, ఎడమ గుర్తులు పెట్టాలి. ఇవి తారుమారు కారాదు. ఏ వైపు ఎంత మందం షిమ్ములు ఉన్నాయో రాసి ఉంచుకోవాలి.
5. పాత పెట్టె నుండి క్రౌన్ వీలును తీసి లాకర్ పెట్టెకు బిగించాలి. బోల్టులను ఎదురెదురు వరుసలో, తయారీదారు చెప్పిన టార్కుకు బిగించాలి.
6. కొత్త బేరింగులు నొక్కి, షిమ్ములతో పెట్టెను అమర్చి, క్రౌన్ వీలుకూ పీనియన్‌కూ మధ్య ఉండే సన్నని వెసులుబాటును డయల్ గేజితో కొలవాలి. బ్యాక్‌లాష్ అనబడే ఈ వెసులుబాటు పలు ఇరుసులలో సుమారు 0.15 నుండి 0.25 మి.మీ. వరకు ఉంటుంది. ఆ ఇరుసుకు చెప్పిన కొలతనే పాటించాలి.
7. పళ్లకు రంగు పూసి తిప్పి చూడాలి. ముద్ర పంటి మధ్యభాగంలో పడాలి. అంచుకు పడితే షిమ్ములు మార్చాలి.
8. గాలి లాకరైతే ఇరుసు పెట్టెకు రంధ్రం చేసి గొట్టాన్ని బయటకు తేవాలి. గొట్టం గాని, వైరు గాని సైలెన్సరుకు తగలరాదు. ఇరుసు పైకి కిందికి కదలడానికి సరిపడా వదులు ఉండాలి.
9. సూచించిన ఆయిలు పోసి, చక్రాలు పైకెత్తి ఉండగానే లాకర్ బంధించడం, విడవడం పరీక్షించాలి.

లంచ్ బాక్స్ రకంలో క్రౌన్ వీలును కదపనవసరం లేదు, కనుక బ్యాక్‌లాష్ మారదు. ఓపిక గల యజమాని దానిని ఇంటి వద్ద అమర్చుకోగలడు. పెట్టెతో సహా మార్చే రకాలకు మాత్రం అనుభవం, కొలత పరికరాలు తప్పనిసరి. బ్యాక్‌లాష్ సరిగా లేకపోతే రొద మొదలై, కాలక్రమంలో క్రౌన్ వీలు, పీనియన్ రెండూ పాడవుతాయి.

వాడకంలో జాగ్రత్తలు

* స్విచ్చి గల లాకర్‌ను కష్టమైన చోటు చేరక ముందే, చక్రాలు జారకుండా ఉన్నపుడు వేయాలి. ఒక చక్రం వేగంగా తిరుగుతుండగా వేస్తే పళ్లు విరగవచ్చు.
* తారు రోడ్డుపైకి రాగానే తీసివేయాలి.
* పక్కకు వాలిన జారుడు నేలపై లాకర్ వేస్తే రెండు వెనుక చక్రాలూ ఒకేసారి పట్టు తప్పి బండి వెనుక భాగం పల్లానికి జారుతుంది. లాకర్ లేకపోతే ఒక చక్రం జారినా రెండవది బండిని నిలబెట్టే అవకాశం ఉంటుంది. వర్షంలో స్వయంచాలిత లాకర్ గల వాహనాన్ని నడిపేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి.
* కుటుంబంలో ఆ వాహనాన్ని నడిపే ప్రతి ఒక్కరికీ లాకర్ సంగతి చెప్పి ఉంచాలి.

వారంటీ, చట్టం

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి భాగం అమర్చినంత మాత్రాన తయారీదారు వారంటీని నిరాకరించరాదు. ఆ భాగం వల్లనే లోపం కలిగితే నిరాకరించవచ్చు. కనుక లాకర్ అమర్చిన తరువాత షాఫ్టు విరిగితే ఆ ఖర్చు యజమానిదే కావచ్చు.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ విభాగం వాహనాలలో చేసే మార్పులను పరిమితం చేస్తుంది. మార్పు చేయదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా సంస్థలోను విచారించడం మంచిది.

భారతదేశంలో

ఫోర్స్ గూర్ఖా వాహనంలో ముందు, వెనుక ఇరుసులకు చోదకుడు స్వయంగా వేసే లాకర్లు ఉన్నాయి. 2020లో వచ్చిన మహీంద్రా థార్ కొన్ని రకాలలో వెనుక ఇరుసుకు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇవ్వబడింది. రెండు చక్రాల వేగాల తేడా హద్దు దాటినపుడు అది తనంతట తానే బంధిస్తుంది. కొత్త వాహనం కొనేవారు తమకు లాకర్ నిజంగా అవసరమని భావిస్తే, తరువాత అమర్చుకోవడానికయ్యే ఖర్చును, షాఫ్టుల ఖర్చును కూడా కలిపి, కర్మాగారంలోనే అమర్చిన రకం ధరతో పోల్చి చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* డిఫరెన్షియల్
* ఇరుసు
* గేరు
* ట్రాక్టరు