లారీ బ్యాటరీ అలవాటు డ్రోన్ బ్యాటరీకి పనికిరాదు

ఎండలు ముదిరాయి. నూజివీడు వైపు మామిడి తోటలకీ, మన దగ్గర పెసర, మినుముకీ డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నాం. డ్రోన్ మనకి పాతబడింది గానీ, దాని బ్యాటరీ సంగతి ఇంకా చాలామందికి కొత్తే. అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన కృష్ణా జిల్లా వాళ్ళకి బ్యాటరీ అంటే విజయవాడ ఆటోనగరే. లారీదైనా ట్రాక్టరుదైనా అక్కడికే మోసుకెళ్ళేవాళ్ళం. అది సీసం, యాసిడ్ బ్యాటరీ. 1859లో ప్లాంటే అనే ఫ్రాన్సు దేశస్థుడు కనిపెట్టాడు. ఇన్నేళ్ళయినా లోపలి సూత్రం అదే. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోస్తారు, రాత్రి ఛార్జింగ్‌లో పెడితే పొద్దున్నే తెచ్చుకుంటాం. దానికి రెండే జాగ్రత్తలు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది కాబట్టి గాలి ఆడాలి, దగ్గర బీడీ వెలిగించకూడదు. రెండోది, ఎప్పుడూ నిండుగా ఉంచాలి. ఖాళీగా వదిలేస్తే ప్లేట్లు గట్టిపడి చచ్చిపోతుంది. ఈ అలవాట్లు మన చేతుల్లో ఇంకిపోయాయి. చిక్కంతా అక్కడే ఉంది.

లిథియం బ్యాటరీ కథ వేరు. 1970ల్లో విట్టింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త లిథియం లోహంతోనే బ్యాటరీ చేశాడు. బరువు తక్కువ, బలం ఎక్కువ. కానీ ఛార్జ్ చేసేకొద్దీ లోపల సూదుల్లాగా లిథియం పెరిగి, మధ్యలో ఉన్న పల్చటి పొరని పొడిచేది. పొర చిరిగితే షార్టే, షార్టయితే మంటే. 1989లో కెనడాకి చెందిన మోలి ఎనర్జీ బ్యాటరీలు జపాన్ ఫోన్లలో అంటుకుంటే వాటిని వెనక్కి తెప్పించారు. ఈలోగా గుడెనఫ్ 1980లో ఒక దారి, యోషినో 1985లో ఇంకో దారి చూపించారు. లోహం బదులు కార్బన్ పొరల్లో లిథియాన్ని ఇమిడ్చారు. అదే 1991లో సోనీ కంపెనీ బజారులోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. సూదుల బాధ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. లోపల మండే ద్రవమూ ఉంది, పల్చటి పొరా ఉంది. వేడి ఒక హద్దు దాటితే దానంతట అదే ఇంకా వేడెక్కుతుంది. ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌కి పాకుతుంది.

దీనికి మన దగ్గరే రుజువుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ తెల్లవారుజామున పేలింది. ఇంటాయన చనిపోయాడు, ఇంట్లోవాళ్ళు గాయపడ్డారు. అదే సంవత్సరం సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూములో మంటలు లేస్తే పైన లాడ్జిలో ఎనిమిదిమంది పోయారు. అలాంటివి వరుసగా జరిగాకే కేంద్రం బండ్ల బ్యాటరీలకి ఏఐఎస్ 156 నిబంధనల్ని బిగించింది. 2022 డిసెంబరు నుంచి కొన్ని, 2023 మార్చి ఆఖరు నుంచి మిగతావి అమల్లోకి వచ్చాయి. అవి రోడ్డు మీద తిరిగే బండ్లకి. పొలం గట్టు మీద బ్యాటరీకి కాపలా మనమే.

2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ వచ్చాక, ఆ తర్వాత డ్రోన్ దీదీ పథకంతో, ఈ బ్యాటరీలు ఊళ్ళలోకి దిగాయి. మందు కొట్టే డ్రోన్లలో చాలావాటికి పౌచ్ రకం బ్యాటరీయే, లోపలి సెల్‌కి ఇనుప డొక్కు ఉండదు. పది లీటర్ల మందు మోస్తూ ఎగిరి పది నిమిషాల్లో దిగేసరికి కాలిపోతూ ఉంటుంది. ఎక్కువ బ్యాటరీలకి ఛార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. మే నెలలో మనకి నీడలోనే 43, 44 ఉంటుంది. ఇక వేడి బ్యాటరీని ఎండలో జనరేటరుకి తగిలిస్తే ఎక్కడుంటామో ఆలోచించండి.

అందుకని చెప్పేది ఇది:

దిగిన బ్యాటరీని నీడలో, గాలి తగిలేచోట చల్లారనివ్వండి. చెయ్యి పెడితే వేడి తెలియకుండా ఉంటేనే ఛార్జర్‌కి పెట్టండి. తొందరని నీళ్ళలో ముంచొద్దు, ఐస్ మీద పెట్టొద్దు.

ఛార్జింగ్ చెట్టు కిందో, తెరిచిన పాకలోనో, నేల మీద. గడ్డివాము, డీజిల్ డబ్బా, మందుల సీసాలు దూరంగా ఉండాలి. డోర్లు మూసిన కారులో వద్దు. రాత్రి పెట్టి పడుకోవడం అసలు వద్దు, మనిషి దగ్గరుండాలి.

కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి, సెల్స్ సమానం చేసే బ్యాలెన్స్ వైరు తప్పక తగిలించండి. సెల్‌కి 4.2 వోల్టులు నిండితే చాలు (హెచ్‌వీ రకమైతే దాని మీద రాసినంత).

నాలుగు రోజులు పని లేకపోతే నిండుగా ఉంచొద్దు, ఖాళీగానూ ఉంచొద్దు. సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర, అంటే సగం దాకా. లారీ బ్యాటరీకి సరిగ్గా తిరకాసు ఇక్కడే.

ఉబ్బినది, కిందపడి సొట్టపోయినది వాడొద్దు. ఆరుబయట ఇసుక బకెట్‌లో పెట్టి అమ్మినవాళ్ళకే అప్పగించండి, కాలవలో పారేయొద్దు. పొగ వస్తే దాన్ని పీల్చకుండా గాలికి ఎదురుగా దూరం జరిగి, 101కి ఫోన్ చెయ్యండి.

ఇంకొక్కమాట. ఎకరానికి ఇంతని డబ్బులిచ్చేది మనం. డ్రోన్ కుర్రాళ్ళని మధ్యాహ్నంలోపు అన్ని ఎకరాలూ అయిపోవాలని తరమొద్దు. మిట్టమధ్యాహ్నం సన్న తుంపర ఆకు మీద పడేలోపే ఆరిపోతుంది, మందు దండగ. పొద్దున్న పదింటిలోపు, సాయంత్రం నాలుగు దాటాక కొట్టించుకుంటే పంటకీ మంచిది, బ్యాటరీకీ మంచిది, దాన్ని మోసే కుర్రాడికీ మంచిది.

మీ ఊళ్ళో డ్రోన్ నడిపేవాళ్ళకి ఈ పోస్టు చదివి వినిపించండి.