కాంతి కవ్వం

పరమశీతల వాయువుల చరిత్రలో నన్ను పట్టి నిలిపే ఘట్టం ఒకటుంది. లెక్క ప్రకారం సుడి పుట్టవలసిన వేగం దాటిపోయినా, పారిస్ ప్రయోగశాలలో ఆ వాయువులో సుడి పుట్టలేదు.

మజ్జిగ చిలికేవారికిది వింతగా తోస్తుంది. కవ్వం ఏ కాస్త తిప్పినా మజ్జిగ తిరుగుతుంది కదా! జిగట లేని సూపర్‌ఫ్లూయిడ్ తీరు వేరు. అందులోని పరమాణువులన్నీ కలిసి ఒకే అల. ఆ అల ఒక చుట్టు తిరిగి వచ్చి తన తోకను తానే సరిగ్గా అందుకోవాలి గనుక, సుడి బలం పూర్ణాంకాలలోనే ఉంటుంది. అర సుడి అన్నది లేదు. ఈ ఊహ 1949లో ఆన్సాగర్ చేశాడు, 1955లో ఫైన్‌మన్ విస్తరించాడు. 1961లో వైనెన్ ద్రవ హీలియంలో సన్నని తీగ కంపనాలను కొలిచి దానికి నిదర్శనం చూపాడు. అయితే హీలియం మరీ చిక్కని ద్రవం, లెక్కకు సులభంగా లొంగదు.

1924-25లలో బోస్, ఐన్‌స్టైన్ ఊహించిన సంఘననాన్ని 1995లో బౌల్డర్‌లో కార్నెల్, వీమన్ రుబీడియం వాయువులో సాధించారు. అందులో తొలి సుడి 1999లో అక్కడే పుట్టింది గాని, అది చిలికి తీసినది కాదు. లేజరుతో, మైక్రోవేవులతో అలకు మెలిక పెట్టి చేసినది. నిజంగా చిలికినవారు పారిస్ ఎకోల్ నార్మాల్‌లోని దాలిబార్ బృందం. అయస్కాంత బోనులో చుట్టలాగా సాగిన రుబీడియం మేఘం, దానికి కవ్వంగా ఒక లేజరు కిరణం. సుడి కడుపు మైక్రోమీటరులో సగం కూడా ఉండదు. అందుకే బోను తీసివేసి, మేఘం ఉబ్బాక ఫొటో తీస్తారు. 2000లో అచ్చయిన ఆ చిత్రాలలో నాలుగు దాకా నల్లని చుక్కలు!

చిక్కల్లా తొలి చుక్క దగ్గరే. బోనులో మేఘం అడ్డంగా ఊగే పౌనఃపున్యంలో సుమారు 0.7 వంతు వేగం అందుకునేదాకా అది కనబడలేదు. సుడి ఉంటేనే శక్తి తక్కువయ్యే స్థితి అంతకన్నా చాలా ముందే వస్తుంది. గమ్యం లాభసాటిదే, దారే మూసి ఉంది: అంచు నుండి లోపలికి రావాలంటే సుడి ఒక శక్తి మిట్ట ఎక్కాలి. నా దృష్టిలో ఈ కథకు ప్రాణం ఇదే. ఆ 0.7 ఎక్కడిదో 2001లో సిన్హా, కాస్టాన్‌ల గణితమూ, పారిస్ వారి మరో ప్రయోగమూ తేల్చాయి. గుండ్రని మేఘం కోడిగుడ్డులా సాగి ఊగే సహజ కంపనం ఒకటుంది. కవ్వం దానితో లయ కలిపేది సరిగ్గా ఆ వేగం దగ్గరే. అప్పుడు మేఘం విపరీతంగా సాగి, నిలకడ తప్పి, అంచులు చెదురుతాయి. పరమాణువులు పలచగా ఉన్న ఆ అంచుల నుండే సుడులు లోపలికి జొరబడతాయి.

అదే 2001లో ఎమ్.ఐ.టి.లో కెటర్లీ బృందం సోడియం మేఘాన్ని చిలికి, 130 దాకా సుడులను త్రిభుజాల అల్లికలో నిలిపింది. 2005లో అక్కడే లిథియం-6 వంతు వచ్చింది. అవి ఫెర్మియాన్లు, జతకట్టనిదే సూపర్‌ఫ్లూయిడ్ కాలేవు. జతకట్టాయనడానికి పరోక్ష ఆధారాలు అప్పటికే ఉన్నాయి. ఇక నేరుగా చూపవలసింది మిగిలింది. చిలికి చూశారు. సుడుల అల్లిక కనబడింది.