ట్రంకు పెట్టె కింద చందమామలు



పోయిన వానాకాలం మా రూముకి ఒక పాత చందమామల కట్ట వచ్చింది. చెమ్మకి వంగిపోయి, మూలలు మడతపడి ఉన్నాయి. మాలో ఒకడు ఆత్రంగా ఇస్త్రీ పెట్టాడు. మడత పోలేదు గానీ అట్ట గోధుమరంగుకి తిరిగింది. ఆ కాగితానికి అంత వేడి పడదు.

మిగతావి నిదానంగా చేశాం. తుప్పు పిన్నులు తీసేశాం. పేజీల మధ్య తెల్లకాగితాలు (న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుతుంది), కిందా పైనా చదునైన చెక్క, దాని మీద మా ట్రంకు పెట్టెలు రెండు. రోజు విడిచి రోజు కాగితాలు మారుస్తూ పది రోజులు ఉంచాం. వంపు పోయింది. చినుగు ఎలాగూ పోదు.

అమెరికాలో ఈ పనికి మెషీన్లే ఉన్నాయి. 1938లో 10 సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతుంది. మన లెక్క అది కాదు.

ఆ పది రోజుల్లో చందమామ చరిత్ర వెతికాం. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో తెలుగు, తమిళాల్లో మొదలుపెట్టారు. తర్వాత పదికి పైగా భాషల్లో వచ్చింది. అందులో సంతాలీ ఒకటి! అది చదివి రూములో అందరం లేచి కూర్చున్నాం. రఘునాథ్ ముర్ము గారు 1925లోనే సంతాలీకి ఓల్ చికి లిపి చేశారు. 2003 సవరణతో అది ఎనిమిదో షెడ్యూల్లో చేరింది. మన కోయ, గోండి అందులో లేవు, చందమామ కూడా కోయలో రాలేదు.

ఇప్పుడు చందమామే రావట్లేదు. సంతాలీ సంచిక ఎవరి దగ్గరైనా ఉంటే, ఎంత నలిగినా సరే, పారేయకండి. ముందు పిన్నులు తీయండి. ఇస్త్రీ మాత్రం వద్దు.