పరిణామం సాక్ష్యం మన పత్తి కాయలనే ఉన్నది

"జీవులు మారుతయంటరు, ఎవరన్న కండ్లార సూసిండ్రా?" అని చానామంది అడుగుతరు. పత్తి రైతులు సూసిండ్రనే నేను చెప్త. కాకపోతే వాళ్లు దానికి పరిణామం అని పేరు పెట్టలే. "పురుగు సస్తలేదు" అన్నరు, అంతే.

2002ల మన దేశంల బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిల ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తి మొక్కల పెట్టిండ్రు. ఆ కాయను తిన్న పురుగు పేగు గోడకు విషం అతుక్కుంటది, బొక్కలు పడి పురుగు సస్తది. 2006ల రెండు విషాలున్న బీజీ-2 వచ్చింది. 2010ల గుజరాత్ చేన్లల్ల గులాబి పురుగు మొదటి విషాన్ని తట్టుకుంటున్నదని విత్తన కంపెనీయే ఒప్పుకున్నది. ఇంకొన్నేండ్లకే రెండోది గూడ పనిచేయకుండ పోయింది.

ఇది ఎట్లయింది? విషం తిని తిని పురుగు అలవాటు పడ్డదని అనుకుంటరు. అది తప్పు. లక్షల పురుగులల్ల కొన్నింటికి పుట్టుకతోనే జన్యువుల తేడా ఉంటది. వాటి పేగుల విషం అతుక్కునే ప్రోటీన్ ఆకారమే వేరు. తేడా లేనియి సచ్చినయి, ఉన్నయి బతికి గుడ్లు పెట్టినయి. ఏడాదికి ఎన్నో తరాలు పుట్టే పురుగు కాబట్టి, కొన్నేండ్లల్లనే చేనంతా వాటి సంతానమే నిండింది. 1859ల డార్విన్ తన పుస్తకంల చెప్పిన ప్రకృతి వరణం అంటే ఇదే.

ఈ సంగతి శాస్త్రవేత్తలకు ముందే ఎరుకే. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనాలతోని 120 గ్రాముల మామూలు విత్తనాల ప్యాకెట్ ఇచ్చిండ్రు. చేను సుట్టూ అవి పెడితే అక్కడ మామూలు పురుగులు బతుకుతయి, తట్టుకునే పురుగులతోని జతకడతయి. వాటి పిల్లలు బీటీ తింటే ఎక్కువశాతం సస్తయి. మన దగ్గర ఆ ప్యాకెట్ ఎందుకో చెప్పినోళ్లు తక్కువ, పారేసినోళ్లు ఎక్కువ. అమెరికాల ఆ పద్ధతి పాటించి, తర్వాత పిల్లలు పుట్టని రెక్కల పురుగులను గూడ వదిలిండ్రు. 2018ల అక్కడి పత్తి చేన్లల్ల గులాబి పురుగు లేదని ప్రకటించిండ్రు.

"పురుగు పురుగే కదా, ఇంకో జీవి కాలేదు కదా" అంటరు కొందరు. పెద్ద మార్పుకు కోట్ల ఏండ్లు పడతది, దానికి సాక్ష్యం రాళ్లల్ల దొరుకుతది. కశ్మీర్‌ల దొరికిన ఇండోహ్యుస్ సుమారు 4.8 కోట్ల ఏండ్ల కిందటిది. పిల్లి అంత ఉండే నాలుగు కాళ్ల జంతువు, కానీ దాని చెవి ఎముక తిమింగలం చెవి ఎముక లెక్క ఉన్నది.

మన ఒంట్ల గూడ సాక్ష్యం ఉన్నది. మేక తన ఒంట్లనే విటమిన్ సి తయారు చేసుకుంటది. మనకు ఆ జన్యువు ఉన్నది గని చెడిపోయి ఉన్నది. చింపాంజీకి గూడ అట్లనే చెడిపోయింది. ఇద్దరికీ ఒకే పూర్వీకుని నుంచి వచ్చిందనే మాట దీనికి సరిగ్గ కుదురుతది.

2023ల ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంల పరిణామం పాఠం తీసేసింది. దేశంల 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని లేఖ రాసిండ్రు. పదితోనే సదువు ఆపి చేన్లకు పోయే పిల్లలు మన ఊర్లల్ల ఇంక ఉన్నరు. రేపు కొత్త విత్తనం వచ్చినా, కొత్త మందు వచ్చినా పురుగు మళ్ల ఇదే దారిల మారుతది. ఆ పాఠం అందరికన్న ముందు కావాల్సింది వాళ్లకే.