ఓడలొచ్చిన ఊరు మనది

దగ్గరికి జరగండర్రా. ఆ తాటిమట్టని ఇంకాస్త మంటలోకి తొయ్, అబ్బాయ్. "సముద్రం చూడాలంటే బందరు పోవాలి, మన ఘంటసాలలో ఏముంది తాతా?" అన్నావు గదా పొద్దున. చెప్తా విను.

ఇప్పుడంటే చుట్టూ వరిచేలూ మినుము చేలూ గానీ, పద్దెనిమిది వందల ఏళ్ల కిందట మనది రేవు ఊరు. ఎక్కడో ఈజిప్టులో కూర్చుని భూగోళం రాసుకున్న టాలెమీ, తాను మైసోలియా అని పిలిచిన మన తీరంలోని రేవుల్లో ఒకటిగా 'కంటకోస్సిల' పేరు రాసిపెట్టాడు. అది మన ఊరే. మనవాళ్లు శాసనాల్లో కంటకసోల, కంటకసెల అని చెక్కించుకున్నారు. రోమను నాణేలు కూడా ఇక్కడి మట్టిలోంచే బయటపడ్డాయి.

రేవు ఉన్నచోట డబ్బుంటుంది, డబ్బున్నచోట దానధర్మాలుంటాయి. ఇక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో శివకుడనే మహానావికుడి పేరుంది. రాజు కాదురా, ఓడలు నడిపినవాడు! నాగార్జునకొండలో బోధిసిరి అనే ఇల్లాలు వేయించిన శాసనం ఉంది. తాను చేయించిన ధర్మకార్యాలన్నీ వరసగా చెప్పుకుంటూ, కంటకసెల మహాచైత్యం, అదే మన బౌద్ధ స్తూపం, తూర్పు వాకిట రాతి మండపం కట్టించానని కూడా రాయించింది. ఎక్కడి నాగార్జునకొండ, ఎక్కడి మన ఊరు! అంత పేరుండేది మన చైత్యానికి.

మరి రేవు ఏమైందంటావా? కృష్ణమ్మే పూడ్చేసింది. ఏటేటా వరదలో ఒండ్రు తెచ్చి పోస్తుంటే నేల ముందుకు పెరిగింది, సముద్రం వెనక్కి పోయింది. వ్యాపారం పోయాక చైత్యం దిబ్బయిపోయింది. అలెగ్జాండర్ రీ అనే దొర ఆ దిబ్బ తవ్వించి, చూసినదంతా 1894లో పుస్తకంగా అచ్చు వేయించాడు. స్తూపం లోపల బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు, నడుమ నలుచదరపు కట్టడం. అంతటి పనితనం! ఇక్కడి చెక్కడపు రాళ్లు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియందాకా పోయాయి. మన ఊరి శిల్పం చూడ్డానికి విమానం ఎక్కాలన్నమాట.

పోయిన రేవు పోగా, పొలం మిగిలింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పారాయి, వరి నిలబడింది. వరి కోసే ముందే చేలో మినుము చల్లి, ఆ తేమతోనే పండించుకోవడం మనవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. పప్పుధాన్యాల మీద పరిశోధన చేసే కేంద్రం కూడా మన ఊళ్లోనే ఉంది.

సముద్రం దూరమైందని ధీమా పడకండర్రా. 1864 ఉప్పెన బందరులో ముప్ఫై వేలమందిని పొట్టన పెట్టుకుందని మా తాతలు చెప్పేవాళ్లు. 1977 నవంబరు 19 ఉప్పెన నేను కళ్లారా చూసినదే. మన దివి తాలూకాలో తీరపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి.

ఇప్పుడు కూచిపూడి మీదుగా చల్లపల్లి పోయే దారిలో కాస్త పక్కకి తిరిగితే మన ఊరొస్తుంది. పెద్ద పట్నం హంగులేమీ ఉండవు. పానవట్టం మీద శివుడూ పార్వతీ కలిసి కొలువున్న జలధీశ్వరుడి గుడి, కార్తీకమాసంలో జనం, పురావస్తుశాఖ మ్యూజియం, స్తూపం దిబ్బ. దూరాన్నుంచి బౌద్ధులు వెతుక్కుంటూ వస్తుంటే మనవాళ్లు గేటు దాటి లోపలికి తొంగి చూడరు.

అందుకే చెప్తున్నా. రేపు నాగలికి గానీ ట్రాక్టరుకి గానీ చెక్కిన రాయో పాత ఇటుకో తగిలితే గట్టుకి వాడకండి, మెట్టుగా వేసుకోకండి. మ్యూజియం వాళ్లకి కబురు పెట్టండి. శివకుడి పేరు మనదాకా వచ్చిందంటే, ఆ రాయిని ఎవరూ పగలగొట్టకపోబట్టే.