అసెంబుల్డ్ అంటే నకిలీ కాదు: చవక కంప్యూటర్ మన దాకా వచ్చిన కథ



సంఘం గదిలో పిల్లల కోసం రెండు డెస్క్‌టాప్ కంప్యూటర్లు పెట్టాలన్న మాట కొన్నాళ్లుగా నడుస్తోంది. పదో తరగతి పిల్లలు, నీట్‌కు చదివేవాళ్లు, పోలీసు భర్తీ ఫారాలు నింపేవాళ్లు అంతా ఫోన్ తెర మీదే కుస్తీ పడుతున్నారు. చందా పైసలు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. బ్రాండు కంప్యూటర్ కొందామని కొందరు, విడిభాగాలు తెచ్చి కట్టిద్దామని కొందరు అంటున్నారు. "అసెంబుల్డ్ అంటే నకిలీ సరుకే కదా" అని ఒక పెద్దాయన అన్నారు. ఆ మాటకు జవాబుగానే ఇది రాస్తున్నా. కొంచెం పొడుగే, చాయ్ దగ్గర పెట్టుకుని చదవండి.

ముందు మన హైదరాబాద్ నుంచే మొదలుపెడదాం. డాక్టర్ ఎ. ఎస్. రావు నాయకత్వంలో 1967లో అక్కడ ఈసీఐఎల్ పుట్టింది. 1969లో ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. అయితే ఆ కాలంలో కంప్యూటర్ అంటే ఒక కంపెనీ మొదలు నుంచి చివర దాకా తానే కట్టే యంత్రం. ఒకరి యంత్రంలోని భాగం ఇంకొకరి యంత్రంలో పట్టదు. ఏదైనా పాడైతే చేసినవాడి దగ్గరికే పోవాలి, వాడు చెప్పిన ధరే ఇవ్వాలి. ప్రయోగశాలలు, సర్కారు ఆఫీసులు కొనగలిగాయి గానీ మామూలు ఇల్లు కొనే వస్తువు కాదది.

ఈ పద్ధతిని మార్చింది, విచిత్రంగా, అందరికన్నా పెద్ద కంపెనీయే. 1980లో ఐబీఎం చిన్న కంప్యూటర్ల బజారులోకి దిగాలనుకుంది. అన్నీ తానే తయారు చేస్తే ఏళ్లు పడుతుంది, దానికేమో ఏడాదిలో సరుకు కావాలి. అందుకని బజారులో దొరికే భాగాలనే ఏరి తెచ్చింది. ప్రాసెసర్ ఇంటెల్ కంపెనీది, నడిపే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. ఫ్లాపీ డ్రైవులు టాండన్ అనే కంపెనీవి. దాన్ని పెట్టినాయన మన దేశంలో పుట్టి అమెరికా వెళ్లిన జుగి టాండన్. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. కనీస ధర 1,565 డాలర్లు. లోపల సర్క్యూట్లు ఎలా ఉన్నాయో పుస్తకం అచ్చేసి మరీ అమ్మారు, ఇతరులు దానికి కార్డులు తయారు చేయాలని. అంటే ప్రపంచంలో ఈ జాతి కంప్యూటర్లలో మొదటిదే అసెంబుల్డ్!

ఐబీఎం సొంతంగా దాచుకున్నది ముఖ్యంగా ఒక్కటే: బయోస్ అనే చిన్న ప్రోగ్రాం. స్విచ్ వేయగానే భాగాలన్నిటినీ నిద్రలేపేది అదే. దాన్ని నకలు కొడితే కేసు. హ్యూస్టన్‌లో 1982లో పుట్టిన కాంపాక్ కంపెనీ దానికి దారి కనిపెట్టింది. ఒక బృందం ఐబీఎం బయోస్ చదివి అది ఏమేం పనులు చేస్తుందో మాత్రమే రాసి ఇచ్చింది. అసలు ప్రోగ్రాంను కంటితో చూడని ఇంకో బృందం ఆ వివరాలతో సొంతంగా కొత్త బయోస్ రాసింది. కోర్టులో నిలిచే పద్ధతి అది. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ ఇలాంటి బయోస్‌ను ఎవరికి కావాలంటే వాళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

ఐబీఎం 1987లో పీఎస్/2 అనే కొత్త వరుస తెచ్చి ఆ తలుపులు మళ్లీ మూయాలని చూసింది. అందులో కార్డుల స్లాటు కొత్తది, వాడుకోవాలంటే లైసెన్సు కట్టాలి. మిగతా కంపెనీలు ఒప్పుకోలేదు, పాత పద్ధతినే పట్టుకున్నాయి. చివరికి ఐబీఎం స్లాటు పోయింది. కీబోర్డుకు, మౌసుకు వాడే ఊదా, ఆకుపచ్చ గుండ్రటి పిన్నుల పేరులో మాత్రం పీఎస్/2 మిగిలింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1984 నవంబరులో కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించారు. విడిభాగాల దిగుమతి సులువైంది, సుంకాలు తగ్గాయి. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చిన్న చిన్న కంపెనీలు చాలా పుట్టాయి. 1991 తర్వాత దారి ఇంకా వెడల్పయింది. 1997లో భారత్ సమాచార సాంకేతిక వస్తువుల ఒప్పందంలో చేరాక, కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం మెట్లు మెట్లుగా దిగి 2005కల్లా సున్నా అయింది. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబైలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ విడిభాగాల బజార్లుగా పేరు మోశాయి. చెనాయ్‌ను అందరూ సీటీసీ అంటారు. అంతస్తు అంతస్తునా చిన్న దుకాణాలు, గోడలకు ధరల పట్టీలు. తెలుగు ఇళ్లలో ఎన్నో మొదటి కంప్యూటర్లు ఆ మెట్లు దిగి వచ్చినవే. మనకు ఒక పక్క నాగపూర్ దగ్గర, ఇంకో పక్క బల్లార్షా మీదుగా రైలెక్కితే సికింద్రాబాద్. రెండు బజార్ల మధ్య ఉన్న ఊరు మనది.

ఇక్కడ తెలుగు సంగతి ఒకటి చెప్పాలి. ఆ తొలి రోజుల పీసీకి తెలుగు రాదు. పూణే సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డును అదనంగా స్లాటులో దిగేస్తేనే తెర మీద మన అక్షరాలు వచ్చేవి. తెలుగు కూడా కొనుక్కోవాల్సిన ఒక విడిభాగమే! 1991లో యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంట్ వచ్చింది. అప్పటి నుంచి తెలుగుకు వేరే కార్డు ఖర్చు లేదు. మరాఠీ మీడియంలో చదివే మన పిల్లలు అదే కీబోర్డు మీద తెలుగు నేర్చుకోవచ్చు. గదిలో కంప్యూటర్ పెట్టాలనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

కథ ఇంతవరకు చెప్పింది ఎందుకంటే, ఏ భాగం మీద పొదుపు చేయాలి, దేని మీద చేయొద్దు అన్నది ఈ చరిత్రలోనే ఉంది.

మొదటిది ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె. 1995కు ముందు పీసీల్లో దాని నుంచి మదర్‌బోర్డుకు రెండు ప్లగ్గులు వచ్చేవి. నల్ల తీగలు రెండూ మధ్యలో పక్కపక్కన ఉండాలి. తిరగేసి పెడితే బోర్డు కాలిపోయినట్టే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చి ఒకే ప్లగ్గు పెట్టింది, అదీ ఒక్క వైపే పడుతుంది. బోర్డుకు స్క్రూలు ఎక్కడ రావాలో కూడా అదే చెప్పింది. ముప్పై ఏళ్లయినా మన డబ్బాలు ఆ కొలతల మీదే నడుస్తున్నాయి. ప్లగ్గు ప్రమాదం పోయింది గానీ నాసి సరుకు ప్రమాదం పోలేదు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా మదర్‌బోర్డుల్లో, పవర్ సప్లైల్లో కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి. పేరున్న కంపెనీల బోర్డులు కూడా వాటిలో ఉన్నాయి. కంటికి కనబడని చిన్న భాగం మొత్తం యంత్రాన్ని ముంచింది.

మన నాన్నలు, తాతలు కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి ఇక్కడి బొగ్గు గనులకు వచ్చినవాళ్లు. అండర్‌గ్రౌండ్‌లో పనిచేసినవాళ్లను అడగండి, కప్పు కింద పెట్టే ప్రాపు మీద ఎవరైనా పొదుపు చేస్తారా అని. ఎస్‌ఎంపీఎస్ మన డబ్బాకు ప్రాపు లాంటిది. అది పోతూ పోతూ తన మీద నిలబడినవాటిని కూడా తీసుకుపోగలదు. కొటేషన్లలో చాలాసార్లు దానికి వేరే వరుసే ఉండదు, క్యాబినెట్‌తో కలిపి రాస్తారు. మనం వేరుగా రాయించాలి, కంపెనీ పేరు, వారంటీ ఏళ్లు చూడాలి. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు మంచి 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. పైగా మన ఊళ్లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. బొగ్గు దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి రంగుల లైట్ల క్యాబినెట్ వద్దు. గాలి బాగా ఆడేది, కడిగి పెట్టుకునే జాలీ ఉన్నది కావాలి.

రెండోది ప్రాసెసర్. ఇక్కడ పొదుపు చేయొచ్చు, కాని ఏం తీసేసి ధర తగ్గించారో అడగాలి. 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ చవక రకంగా సెలరాన్ తెచ్చింది. ప్రాసెసర్ పక్కనుండే క్యాష్ మెమరీని పూర్తిగా తీసేసింది. జనం పెదవి విరిచారు. నాలుగు నెలలకే ఆగస్టులో 128 కిలోబైట్ల క్యాష్ చిప్ లోపలే పెట్టి సెలరాన్ 300ఏ తెచ్చింది. అదీ చవకే, కాని ఖరీదైన పెంటియం 2తో పోటీపడింది. ఇప్పుడు కూడా అలాంటి తేడాలున్నాయి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు, వేరే కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఆ కాస్త తగ్గింపు మనకు పనికిరాదు. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే కార్డు ఖర్చు మొత్తం మిగులుతుంది. 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్ బోర్డు మీదే గ్రాఫిక్స్ పెట్టినప్పటి నుంచి చవక కంప్యూటర్‌కు పెద్ద అండ ఇదే. 2018లో ఏఎండీ రైజెన్ 3 2200జీ 99 డాలర్లకే ఓ మోస్తరు ఆటలు కూడా ఆడించింది.

మూడోది మదర్‌బోర్డు. రేపు ప్రాసెసర్ మార్చుకునే దారి ఉందో లేదో దీని సాకెట్ చెబుతుంది. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది. 2017లో కొన్న బోర్డుల్లో చాలావాటిలో బయోస్ అప్‌డేట్ చేసుకుంటే 2020 తర్వాతి ప్రాసెసర్లు కూడా పట్టాయి. 2022లో ఏఎం5 వచ్చింది, అది డీడీఆర్5 ర్యామ్‌తో మాత్రమే నడుస్తుంది. పాతది చవక, కొత్తదానికి ముందుదారి ఎక్కువ. ఏది తీసుకున్నా ర్యామ్ స్లాటు ఒకటి ఖాళీగా మిగలాలి.

నాలుగోది ర్యామ్, డిస్కు. వీటి ధర దుకాణదారు చేతిలో లేదు. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో ఒక రసాయన కర్మాగారం పేలింది. చిప్పులను పొదిగే రెసిన్‌లో పెద్ద వాటా అక్కడి నుంచే వచ్చేది. వెంటనే ర్యామ్ ధరలు ఎగిశాయి. 1999 సెప్టెంబరులో తైవాన్ భూకంపం వస్తే మళ్లీ అదే. 2011లో థాయిలాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగాయి. 2013లో చైనాలోని వూషీలో ఎస్‌కే హైనిక్స్ ప్లాంటులో మంటలు లేచాయి. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా లాక్కోవడంతో ర్యామ్ ధర మళ్లీ భగ్గుమంది. ధర ఎక్కువున్నప్పుడు 8 జీబీ ఒక్క కర్రతో మొదలుపెట్టాలి, తగ్గాక రెండోది వేయాలి. హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ చాలు. పిల్లల పనికి వేగం తెచ్చేది అదే.

పాత ఆఫీసు కంప్యూటర్లు కొందామన్న తమ్ముళ్లకూ ఒక మాట. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయం ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది ఉండాలి. అంతకన్నా పాతది చవకగా దొరికితే లైనక్స్ వేసుకుని హాయిగా నడుపుకోవచ్చు, తెలుగూ వస్తుంది. ఆ సంగతి తెలిసి కొనాలి, అంతే.

చివరగా నా ప్రతిపాదన. కొటేషన్ నాగపూర్ నుంచి ఒకటి, సికింద్రాబాద్ నుంచి ఒకటి, మన చంద్రపూర్ నుంచి ఒకటి తెప్పిద్దాం. మూడింటిలోనూ ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, మానిటర్, యూపీఎస్ వేరువేరు వరుసల్లో, మోడల్ పేర్లతో ఉండాలి. జీఎస్టీతో పక్కా బిల్లు సంఘం పేరు మీద కావాలి, లేకపోతే వారంటీ గాలిలో దీపమే. బ్రాండు డబ్బా ధర కూడా పక్కన పెట్టుకుని పోల్చుదాం. అందులోనూ ఈ భాగాలే కదా ఉండేవి, ఏ కంపెనీవో అడుగుదాం. చెప్పగలిగితే, ధర కుదిరితే అదే కొందాం, నాకు పట్టింపు లేదు.

ఒక్కటి మాత్రం పట్టుబడతాను. బిగించే రోజు పిల్లలను గదికి పిలవాలి. ఆడపిల్లలను కూడా. ఒక్కో భాగం చేత్తో పట్టుకుని, ఎక్కడ పడుతుందో చూసి, వాళ్లే స్క్రూ తిప్పాలి. రెండేళ్ల తర్వాత ఒక భాగం పాడైతే చందా కోసం మళ్లీ ఇల్లిల్లూ తిరగకుండా, ఆ ఒక్క భాగమే మార్చుకునే పిల్లలు మన పేటలోనే ఉంటారు. వచ్చే మీటింగులోపు ఎవరి మాట వాళ్లు కింద రాయండి.